ఆనకట్టకు కట్టిన ముడి

ఆలివ్ దులిపే నెల, మంగళవారం. సంత నుంచి వచ్చాను.

ఇది నా కేసు. నా పేరు ఇజ్జా. తిజ్గి లోయలో, నది పక్క పల్లంలో మిగిలిన ఒకే ఒక్క ఇల్లు నాది. నాకు రాయడం రాదు. రాసిపెట్టేవాళ్ళు నా మాటల్ని తమ మాటలుగా మార్చేస్తారు, అందుకని ఈ టేపు రికార్డరుకే చెబుతున్నాను. మా ప్రాంతపు అధికారి ఖాయిదుగారు తన కచేరీలో దీన్ని మొదటినుంచి చివరిదాకా వినాలి. వింటూ టీ తాగకూడదు. మధ్యలో ఫోను ఎత్తకూడదు.

ఈ రోజు సంతలో మాంసం కొట్టు ముందు ముఖద్దమ్ బెల్లా నన్ను ఆపాడు. ఖాయిదు మాటను మా ఊళ్ళకు మోసుకొచ్చే మనిషి వాడు.

"లల్లా ఇజ్జా, నూనె ఆడించుకున్నాక ఇల్లు ఖాళీ చేసెయ్యి. పైనుంచి ఆర్డరు వచ్చింది."

"ఎంత పైనుంచి? దేవుడి దగ్గరనుంచా?"

"ఖాయిదుగారి దగ్గరనుంచి."

"అయితే అది పైన కాదు, మధ్యలో."

మాంసం కొట్టేవాడు కత్తి పక్కన పెట్టి మరీ నవ్వాడు. బెల్లా నవ్వలేదు. వాడికి నవ్వడానికి కూడా ఆర్డరు రావాలి.

సంగతేమిటంటే, మా ఇంటికి ఎగువన, రెండు కొండలు దగ్గరపడే చోట ఆనకట్ట ఉంది. అది కట్టిన రోజుల్లో ప్రభుత్వం మనుషులు వచ్చి రాళ్ళకు ఎర్రరంగు పూశారు. ఆ రాళ్ళకు దిగువన ఉన్నదంతా నీళ్ళ దారి, గేట్లు ఎత్తితే కొట్టుకుపోతుంది అన్నారు. పల్లంలోని వాళ్ళంతా వాలు మీద కట్టిన కొత్త ఊరికి ఎక్కేశారు. నేను ఎక్కలేదు. ఆ తరువాత ఏమైంది? వానలే రాలేదు. గేట్లు ఎత్తాల్సిన అవసరమే పడలేదు. ఉన్న కాసిని నీళ్ళూ గొట్టాల్లో కింది మైదానానికి, పట్నం కుళాయిలకు, నారింజ తోటలకు పోయాయి. నది మేకల దారి అయింది. చచ్చిపోయిన నదికి దారి ఎందుకు? ఇది నా మొదటి ప్రశ్న.

రెండోది. ఈ ఇల్లు నేను కట్టాను. కట్టించాను అనడంలేదు. చెక్కల మధ్య తడిమట్టి పోసి, ఎక్కి నిలబడి, దిమ్మిసతో కొట్టి, గోడ మీద గోడ లేపాను. నా మొగుడు హమ్మూ అప్పుడు ఫ్రాన్సులో బొగ్గుగనిలో ఉన్నాడు. మాకు ఉత్తరాలు లేవు, క్యాసెట్లే. ఆయన ఒక వైపు నింపి పంపేవాడు. "ఇది నా వైపు. తిప్పి నీ వైపు నింపు" అనేవాడు ప్రతిసారీ, నాకు తెలియనట్టు. నేను నింపి, సెలవు అయిపోయి తిరిగి వెళ్ళే మనిషి చేతికి ఇచ్చేదాన్ని. గోడ ఎంత లేచిందో, మట్టిలో గడ్డి ఎంత కలిపానో అన్నీ చెప్పేదాన్ని. కిటికీ కొండ వైపు పెడదామన్నాను, చలి తక్కువని. "నది వైపు పెట్టు" అన్నాడు. పెట్టాను.

ఆ వేసవికి వస్తానన్నాడు. వచ్చాడు, పెట్టెలో. ఇంటి ముందు దించారు, లోపలికి రాలేదు. మాకు పిల్లలు లేరు. ఆయన చివరి క్యాసెట్ రెండో వైపు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. గుడ్డలో చుట్టి పిండి డబ్బా వెనక పెట్టాను. దాని మీద నేను మాట్లాడను.

ఇదీ కేసు.

శుక్రవారం.

నూనె ఆడించాను. ఎక్కడికీ వెళ్ళను.

సోమవారం. వాన.

తూద వచ్చింది. హమ్మూ చెల్లెలు, నా ఆడపడుచు. కొత్త ఊళ్ళో ఉంటుంది. దిగి రావడానికి మోకాళ్ళు నొప్పి అంటుంది, నన్ను తిట్టాల్సి వస్తే మాత్రం దిగుతుంది.

"వదినా, మా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. కుళాయి ఉంది. సిమెంటు నేల."

"సిమెంటు నేల మీద పడుకుంటే ఎముకలు ఏడుస్తాయి."

"నీ ఎముకలు ఎక్కడైనా ఏడుస్తాయి. నీ నోరు మాత్రం ఎక్కడున్నా ఏడవదు."

బార్లీ రొట్టె, కొత్త నూనె పెట్టాను. తింటూనే ఉంది, తిడుతూనే ఉంది. ఈసారి వానలు మామూలుగా లేవంది. కొండల మీద మంచు బాగా పడిందట. ఆనకట్ట వెనక నీళ్ళు పాత మసీదు మినారును కూడా మింగేశాయట. కరువు ఏళ్ళల్లో ఆ మినారు బురదలోంచి లేచి నిలబడితే పిల్లలు వెళ్ళి దాని మీద పేర్లు చెక్కేవాళ్ళు.

"నువ్వు చూశావా?"

"ఊరంతా వెళ్ళి చూస్తోంది. నువ్వే చూడలేదు."

"నాకెందుకు? నా నదిని పట్టుకుని అక్కడ కట్టేశారు. కట్టేసిన గాడిదను చూడటానికి ఎవరు వెళ్తారు?"

తూద నూనె వేళ్ళు నాక్కుంది. "అంత పెద్ద గాడిద లేదు వదినా."

బుధవారం.

ఈ పూట ఇద్దరు కుర్రాళ్ళు రంగు డబ్బాతో వచ్చి నా తలుపు మీద ఎర్రగా అడ్డగీతలు గీశారు. నేను నూనె తీసి మిగిలిన పిప్పి ఆరబెడుతున్నాను. అది ఏమిటని అడిగితే గుర్తు అన్నారు. దేనికి గుర్తు అంటే, ఇక్కడ మనిషి లేడని గుర్తు అన్నారు.

నా కళ్ళలోకి చూస్తూ అన్నారు.

గురువారం. గోళ్ళలో నెత్తురు ఇంకా పోలేదు.

ఖాయిదుగారూ, ఇది మీకు ముందే ఎవరో చెప్పి ఉంటారు. నా నోటితో వినండి.

నల్ల మేకపోతును తాడు కట్టి ఆనకట్ట మీదికి తీసుకెళ్ళాను. గేట్లు ఎత్తే మోటార్ల గది అక్కడే ఉంది, ఇనుప తలుపుతో. కాపలావాడు అడ్డం వచ్చాడు.

"అవ్వా, మేకలను లోపలికి రానివ్వరు."

"ఇది లోపలికి రాదు. గడప దాకానే."

నేను కత్తి తీశాక వాడు వెనక్కి తగ్గాడు. "ఆడదానివి, నువ్వు కోస్తే ఎవరు తింటారు?"

"ఇది తినడానికి కోసేది కాదు."

అప్పుడు వాడికి అర్థమైంది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

మా దగ్గర ఒక మనిషి గడప మీద ఇలా నెత్తురు పారించి ఏదైనా అడిగితే దాన్ని ఆర్ వేయడం అంటారు. ఆర్ పడినవాడు అడిగింది ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ నెత్తురు వాణ్ణి, వాడి పిల్లల్ని పట్టుకుంటుంది. ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరు పట్టించుకుంటారు అంటారు. నేను అదే చూడదలుచుకున్నాను.

తలగుడ్డ తీశాను. మగవాళ్ళ ముందు నా తెల్లజుట్టు గాలికి వదిలేసి, ఆ గుడ్డను తలుపు చేతికి, గోడలోని కొక్కేనికి కలిపి ముడి మీద ముడి వేశాను. ముడి విప్పితే తప్ప తలుపు తెరుచుకోదు. చప్పుడుకు బీహీ పక్కగదిలోంచి బయటికి వచ్చాడు. గేట్లు ఎత్తేది, దించేది అతనే. నీళ్ళ కింద ఉన్న ఆ మసీదు ఊరి బిడ్డ. వాళ్ళమ్మ నాకు తెలుసు.

"బీహీ, గేట్లు ఎత్తే చెయ్యి నీది. నా ఆర్ నీ మీద వేశాను. నా ఇంటి మీదికి నీళ్ళు వదిలితే ఈ నెత్తురు నీది."

అతని ముఖం సున్నం కొట్టినట్టయింది. వెనకే పట్నం ఇంజనీరు వచ్చి, మా భాష రాక, ఏమంటోందీ ముసలమ్మ అని అరబ్బీలో అడిగాడు. బీహీ ఏమీ లేదు సార్ అన్నాడు. ఇంజనీరు గడప కడగమన్నాడు, గుడ్డ తీసెయ్యమన్నాడు. గడప కడిగారు. గుడ్డ ఎవరూ తాకలేదు. ఇంజనీరు దగ్గరగా వెళ్ళి చూశాడు. తనూ తాకలేదు.

కిందికి వచ్చేటప్పుడు నీళ్ళ వైపు చూడలేదు. తల తిప్పలేదు.

శుక్రవారం.

బాగా నిద్రపట్టింది.

ఆదివారం.

నిన్న కూడా బాగానే పట్టింది.

మంగళవారం. సంతకు వెళ్ళలేదు.

బీహీ వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు, చెప్పులు చేత్తో పట్టుకుని. లోపలికి రమ్మన్నాను, రాలేదు.

"అవ్వా, ముడి విప్పు."

"నా ఇంటికి మాట ఇవ్వు, విప్పుతాను."

"మాట ఇవ్వడానికి నీళ్ళు నావి కావు. అవి పెరుగుతున్నాయి. గేట్లు ఎత్తాల్సి రావచ్చు, రాకపోవచ్చు. వస్తే ఏం చెయ్యమంటావు?"

"ముడి కోసుకో. కత్తి లేదా నీ దగ్గర?"

"మా నాన్న ఒకసారి ఒకరి ఆర్‌ను కాలితో తోసేశాడు. పొలం గట్టు తగాదాలో. ఆ ఏడాదే మా అన్నలిద్దరూ పోయారు. నీకు తెలియంది కాదు."

తెలుసు. ఆ రెండు శవాలకు ఏడ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. పొయ్యి ఎగదోశాను.

"ఒక్కసారి పైకి వచ్చి నీళ్ళు చూడు" అన్నాడు. "ముడి విప్పమని అడగను. చూడు, అంతే."

"నాకు పనుంది."

వెళ్ళిపోయాడు. అంత పొడుగు మనిషి, వాలు ఎక్కేటప్పుడు వంగిపోయి ఎక్కాడు.

ఇది కేసులోకి రాదు.

బుధవారం.

పుల్లల కోసం వెళ్ళాను. ఆనకట్ట పైన వాలులో మంచి పుల్లలుంటాయి. దారిలో నీళ్ళు కనిపించాయి. కనిపించాయి కాబట్టి చూశాను.

నేను చివరిసారి చూసినప్పుడు అడుగున ఇంత బురద, పగిలిన నేల, చచ్చిన చేపలు. ఇప్పుడు లోయ లేదు. నేను చిన్నప్పుడు మేకలు కాసిన గుట్టలు లేవు. బాదం చెట్ల వాలు లేదు. కొండల భుజాల దాకా ఒకటే నీళ్ళు. వాటిలో మంచు కొండలు తలకిందులుగా నిలబడి ఉన్నాయి. కదలడంలేదు. చప్పుడు లేదు. నేను పెద్ద పెద్ద వరదలు చూశాను, అవి అరుస్తాయి. ఇంత పెద్దది ఇంత మౌనంగా ఉండగలదని నాకు తెలియదు. నా నోరు తెరుచుకునే ఉంది, పళ్ళలోకి చలిగాలి వెళ్ళాక తెలిసింది.

ఒక కొంగ దాటుకుంటూ వెళ్ళింది. అవతలి ఒడ్డు చేరడానికి దానికి పట్టిన సేపు చూసి నాకు కళ్ళు తిరిగాయి.

పుల్లలు మర్చిపోయి వచ్చాను.

గురువారం.

మళ్ళీ పుల్లల కోసం. నిన్నవి తెచ్చుకోలేదు కదా.

శనివారం.

దీన్ని ఎలా చెప్పాలో తెలియడంలేదు. చెబుతాను.

పుల్లల దగ్గర బీహీ కనిపించాడు. రమ్మని చెయ్యి ఊపాడు. వెంట వెళ్ళాను. ఆనకట్ట లోపలికి దారి ఉందని నాకు ఇన్నేళ్ళలో తెలియదు. గోడ లోపల గుహలాంటి దారి, మెట్లు దిగుతూనే ఉన్నాయి. చల్లగా, మా ధాన్యం కొట్టు లోపలిలా. పైనుంచి బొట్లు బొట్లుగా నీళ్ళు. వాటన్నిటినీ ఒక కాలవలోకి తీసుకెళ్ళి కొలుస్తున్నారు.

"గోడ కారుతోందా?" అన్నాను.

"కారాలి. కారకపోతేనే భయం. ఎంత కారుతోందో రోజూ చూస్తాం. ఎక్కువైతే ఒక అర్థం, తక్కువైతే ఒక అర్థం, మురికిగా వస్తే ఇంకో అర్థం."

ఇంకా దిగాం. అక్కడ ఒక సన్నటి తీగ పైనెక్కడి నుంచో వేలాడుతోంది. చివర బరువు, ఆ బరువు నూనె తొట్టెలో మునిగి ఉంది.

"ఇదేమిటి? నూనె దండగ."

బీహీ నవ్వాడు. ఆర్ పడ్డాక అతను నవ్వడం అదే మొదలు. "గోడ ఎంత ఒరిగిందో ఇది చెబుతుంది అవ్వా."

"ఇంత గోడ ఒరుగుతుందా?"

"నీళ్ళు తోస్తే ఒరుగుతుంది. నీళ్ళు తగ్గితే మళ్ళీ వెనక్కి వస్తుంది. ఎండకు ఒకలా, చలికి ఒకలా."

"ఎంత?"

"నీ గోరు మందం కూడా ఉండదు. కానీ కదులుతుంది."

నేను గోడలు కట్టినదాన్ని. ఒరిగిన గోడ నా లెక్కలో చచ్చిన గోడ. ఒరిగి, ఓర్చుకుని, మళ్ళీ తన చోటికి వచ్చి నిలబడే గోడను నేను వినలేదు. కొంగు తీసి చెయ్యి తుడుచుకుని అరచెయ్యి గోడకు ఆనించాను. చల్లగా ఉంది. లోపలెక్కడో చిన్న వణుకు. ఆ గోడకు అవతల మా లోయలో పడిన వానంతా, కొండల మంచంతా నిలబడి ఉంది. ఇవతల నా అరచెయ్యి. మధ్యలో గోడ మోస్తోంది, గొణక్కుండా.

మట్టిగోడ వెనక నీళ్ళు నిలిస్తే అడుగున చిల్లి పెట్టాలి. లేకపోతే అది నెలలు నిండిన దానిలా ఉబ్బి, ఒక పొద్దున కూలుతుంది. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, రెండు గోడలు కూలాక తెలిసింది. అందుకే అడిగాను.

"దీనికి చిల్లి ఏది?"

బీహీ తీగ వైపే చూస్తున్నాడు. "నువ్వు ముడి వేసిన తలుపు వెనకే ఉంది అవ్వా."

ఇంటికి వచ్చాను. కేసు కేసే. గేట్లు ఎత్తాల్సిన అవసరం రాదు. వచ్చినా ఇప్పుడప్పుడే రాదు.

ఆదివారం.

వెచ్చటి వాన. చలికాలంలో ఇలాంటి వాన వద్దు. కొండల మీది మంచును ఇది కడిగి దించుతుంది.

సోమవారం.

ఆగలేదు. తూద పైనుంచి అరుస్తోంది. గాలికి మాట వినిపించడంలేదు. చేతులు ఊపుతోంది. నేనూ ఊపాను.

గురువారం. తూద ఇంటి నుంచి.

మంగళవారం పొద్దున జరిగింది ఇప్పుడు చెబుతున్నాను. ఖాయిదు వింటాడో లేదో. వినకపోయినా పరవాలేదు.

రొట్టె కాలుస్తుండగా సైరన్ మోగింది. ఆనకట్ట సైరన్ ఎలా ఉంటుందో నేను మర్చిపోయాను. కుక్కలన్నీ దానితో పాటు అరిచాయి. సైరన్ మోగితే నదిలో ఉన్నవాళ్ళు ఒడ్డెక్కాలి, తరువాత గేట్లు ఎత్తుతారు. నేను రొట్టె తిప్పుతూ కూర్చున్నాను. నీళ్ళు రాలేదు. మళ్ళీ మోగింది. రాలేదు. మూడోసారి మోగేసరికి రొట్టె మాడిపోయింది.

అప్పుడు తెలిసింది. గేట్లు ఎత్తాల్సిన వేళ వచ్చేసింది, ఎత్తడంలేదు.

ముఖద్దమ్ బెల్లా వాలు మీద జారుతూ దిగి వచ్చాడు. వాడి పొడుగు జెల్లాబా అంగీ నిండా బురద. వాడికి మొదటిసారి ఆర్డరు లేకుండా మాట వచ్చింది.

"నీకు దణ్ణం పెడతాను లల్లా. ఇంజనీరు రోడ్డు తెగిపోయి అవతల ఉన్నాడు. ఫోనులో ఎత్తు, ఎత్తు అంటున్నాడు. బీహీ సరే అంటున్నాడు, కూర్చునే ఉంటున్నాడు. మేం తలుపు పగలగొడతామంటే అడ్డం నిలబడ్డాడు. నీ పొగ కనిపిస్తోందట. పొగ ఉన్న ఇంటి మీదికి ఎలా వదలను అంటున్నాడు. నీళ్ళు గోడ అంచు దాకా లేచాయి, ఇంక మూరెడే మిగిలింది."

కింద సంత ఊరు ఉంది. మంగళవారం. మాంసం కొట్టేవాడు, ఉప్పు అమ్మే ఆవిడ, గాడిదలు, పిల్లలు, అందరూ నది ఒడ్డునే.

కుండెడు నీళ్ళు తీసుకెళ్ళి పొయ్యిలో పోశాను. బూడిద లేచి ముఖం మీద పడింది. నా ఇంట్లో పొయ్యి ఆర్పడం నా చేత్తో నేను ఎప్పుడూ చెయ్యలేదు, నిప్పు కప్పి ఉంచుతాం. పిండి డబ్బా వెనకనుంచి గుడ్డ మూట తీసుకుని రవికలో దోపుకున్నాను. టేపు రికార్డరు, క్యాసెట్ల సంచి బెల్లా నెత్తిన పెట్టాను. మేకలను విప్పి వదిలాను. తలుపు మూయలేదు. మూస్తే గోడ మీద తోపు ఎక్కువ పడుతుంది.

తూద సగం దారిలో ఎదురొచ్చింది, మోకాళ్ళు పట్టుకుని. నన్ను తిట్టలేదు. అందుకు నాకు భయం వేసింది.

పైన బీహీ మోటారు గది తలుపుకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు. పక్కన ఫోను మోగుతోంది. నీళ్ళ వైపు చూశాను. మొన్న మౌనంగా ఉన్నది ఇప్పుడు గోధుమరంగులో, మొదళ్ళతో సహా చెట్లను మోసుకుంటూ, గోడ అంచున నాలుక ఆడిస్తోంది. ఇటు వైపు ఖాళీ. అంత ఎత్తు ఖాళీ. కింద నా ఇల్లు గవ్వంత ఉంది.

"లే బీహీ. పొగ లేదు, చూడు."

"ముడి ఉంది అవ్వా."

ముడి దగ్గరికి వెళ్ళాను. వానకు తడిసి గుడ్డ రాయిలా బిగుసుకుపోయింది. గోళ్ళు దిగలేదు. ఉన్న పళ్ళతో పట్టాను, ఒకటి కదిలింది, పన్ను, ముడి కాదు.

బెల్లా కత్తి తీశాడు. "కోసెయ్యి లల్లా."

"కోస్తే తీసినట్టు కాదు" అన్నాడు బీహీ. నేనూ అదే అన్నాను, ఇద్దరం ఒకేసారి.

"జరుగు వదినా" అంది తూద. కొప్పులోంచి ఉన్ని అల్లే సూది తీసింది. జీవితమంతా ఉన్ని చిక్కులు విప్పిన మనిషి. "ముడి వెయ్యడానికి ఒక వదిన, విప్పడానికి ఒక ఆడపడుచు. మా అన్నయ్య ఎలా వేగాడో." సూది గుచ్చి సందు చేసింది. కానీ లాగలేదు. లాగాల్సింది నేను. ఒక్కో మెలికా లాగాను. కింద నీళ్ళు గోడను తన్నే చప్పుడు అరికాళ్ళలో తెలుస్తోంది. చివరి మెలిక వచ్చాక ఆ గుడ్డను వానలోనే తల మీద కట్టుకున్నాను.

"మీరంతా సాక్షులు. నా ఆర్ నేను తీసుకున్నాను. బీహీ మీద ఏమీ లేదు, బీహీ పిల్లల మీద ఏమీ లేదు. ఆ నెత్తురు నాది, నా దగ్గరికే రావాలి."

బీహీ లేచాడు. నా భుజం ముద్దు పెట్టుకున్నాడు, తల్లికి పెట్టినట్టు. తలుపు తెరిచాడు. మరోసారి సైరన్ మోగించి, దిగువకు ఫోను చేసి, సంత ఊరు ఒడ్డెక్కిందని కబురు వచ్చేదాకా ఆగాడు.

"నువ్వు చూడకు అవ్వా."

"నా ఇల్లు. నేనే చూస్తాను."

టేపు అయిపోయింది. నా దగ్గరున్న క్యాసెట్లన్నీ నిండిపోయాయి. ఒకటి తప్ప.

శుక్రవారం.

హమ్మూ, ఇది నా వైపు.

నీ వైపు ఈ పొద్దున విన్నాను, మొదటినుంచి చివరిదాకా. తూద గది బయట కూర్చుంది, లోపలికి రాలేదు. నీ దగ్గు అలాగే ఉంది. చివర్లో అడిగావు కదా, ఇల్లు పూర్తయ్యాక ఆ కిటికీ తెరిచి నది ఎలా వినిపిస్తుందో చెప్పు అని. చెప్పేలోపు నువ్వు వచ్చేశావు. తరువాత నది పోయింది. అడిగినవాడూ లేడు, వినిపించేదీ లేదు. అందుకే ఆలస్యమైంది.

గేట్లు లేచాయి. మొదట నీళ్ళు రాలేదు, గాలి వచ్చింది. నా తలగుడ్డను వెనక్కి కొట్టింది. తరువాత తెల్లగా ఏదో నిలబడింది. అవును, పడలేదు, నిలబడింది, కిందనుంచి పైకి, మినారు కన్నా ఎత్తు. చప్పుడు చెవుల్లోకి రాలేదు, ఎముకల్లోకి వచ్చింది. బెల్లా ఏదో అరుస్తున్నాడు, నోరు కదలడమే కనిపించింది. నేను భయపడ్డానని అనుకుంటావు. లేదు. గోడను చూశాను. అంత నీళ్ళు దాని గుండా పోతుంటే అది అలాగే నిలబడి ఉంది. ఊపిరి వదిలిన మనిషిలా ఉంది.

నది తన దారి మర్చిపోలేదు హమ్మూ. ఇన్నేళ్ళు ఎండిపోయి, మేకలు నడిచి, పిల్లలు బంతి ఆడిన చోట, తిన్నగా వచ్చి ఉన్ని ఉతికే బండ దగ్గర పాత మలుపే తిరిగింది. ఎవరూ చూపించలేదు. నేను ఏడ్చాను. ఇంటికోసం అనుకున్నారు అందరూ.

తరువాత ఇంటికి వచ్చింది. గడప ఎక్కింది. కిటికీ దాకా లేచి లోపలికి చూసింది. నది వైపు పెట్టమన్నది నువ్వే కదా. గోడలు వెంటనే కూలలేదు. మధ్యాహ్నం దాకా నిలిచాయి. బెల్లా ఇప్పుడు పోతుంది, ఇప్పుడు పోతుంది అంటూనే ఉన్నాడు. తూద నా చెయ్యి పట్టుకుని, "నీ గోడలు వదినా" అంది. చివరికి కిటికీ గోడ ముందు వంగి, ఒంటె కూర్చున్నట్టు నెమ్మదిగా కూర్చుంది. మిగతావి దాని వెనక.

సంత ఊళ్ళో ఎవరికీ ఏమీ కాలేదు. నేల కొట్టుకుపోయింది, మనుషులున్నారు. బీహీ రెండు పూటలా వచ్చి చూసి వెళ్తున్నాడు. పుల్లలు తెస్తున్నాడు, నాకు పుల్లలు ఇష్టమని ఎవరో చెప్పారట.

ఖాయిదుకు ఈ క్యాసెట్లు ఇవ్వడంలేదు. కేసు లేదు.

సిమెంటు నేల ఎముకలకు మంచిది కాదు, అది మాత్రం నిజం. కానీ ఈ గదికీ ఒక కిటికీ ఉంది. గేట్లు ఇంకా సగం ఎత్తే ఉంచారు. కిటికీ తెరుస్తున్నాను. టేపు ఇంకా చాలా ఉంది. టేపు రికార్డరును కిటికీ గట్టు మీద పెట్టి, ఇక నేను మాట్లాడను.

నువ్వు అడిగింది ఇదే. విను.